‘షేర్ అంటే ఏంటమ్మా?’

ఒకటో తరగతి పిల్లల బ్యాగు తెరిస్తే చాలా ఇళ్లలో ఒక మీనింగ్స్ నోట్సు కనిపిస్తుంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, మధ్యలో గీత, కుడివైపు తెలుగు మాట. ‘షేర్ - పంచుకొను’, ‘ప్రెటెండ్ - నటించు’, ‘ఫెయిర్ - న్యాయమైన’. సాయంత్రం అమ్మ ఎడమవైపు మాట చదువుతుంది, పిల్లవాడు కుడివైపు మాట గడగడా అప్పజెబుతాడు. ఆ రోజుకి హోంవర్క్ అయిపోయినట్టే. ఆ తర్వాత అదే పిల్లవాణ్ని ‘నటించడం అంటే ఏమిట్రా?’ అని అడిగి చూడండి. దిక్కులు చూస్తాడు. ‘న్యాయమైన’ అన్నది అయిదేళ్ల పిల్లలు ఆడుకునేటప్పుడు వాడే మాట కాదు, అది పెద్దల పుస్తకాల తెలుగు. వాడికి తెలియని ఒక మాటకు బదులు తెలియని ఇంకో మాట ఇచ్చాం. వాడు రెండింటినీ కలిపి బట్టీ పట్టాడు.

చిన్నపిల్లలకు కొత్త మాట అర్థం కావాలంటే ఆ మాటను ఎప్పుడు వాడతారో ఆ సందర్భాన్ని వాళ్లు చూడాలి. ఆ సందర్భాలు మీ ఇంట్లో రోజూ జరుగుతూనే ఉంటాయి. వాటికి చక్కటి తెలుగు మాటలు మీ నోట్లోనే ఉంటాయి. ‘మాకు ఇంగ్లీషు సరిగ్గా రాదండీ, వాడికేం చెబుతాం’ అని వెనక్కి తగ్గే తల్లిదండ్రుల కోసమే ముఖ్యంగా ఈ అధ్యాయం రాస్తున్నాను. మీ దగ్గర ఉన్నది తక్కువేమీ కాదు.

నిఘంటువు ఎక్కడ తడబడుతుంది

జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలు మాటలెలా నేర్చుకుంటారన్న విషయం మీద 1987లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అమెరికాలో బడి పిల్లలకు నిఘంటువు ఇచ్చి, కొత్త మాటల అర్థాలు చూసి వాటితో వాక్యాలు రాయమంటే ఏం జరిగిందో అందులో చెప్పారు. ‘ఎరోడ్’ అంటే నీరో, ఆమ్లమో దేన్నైనా కొంచెం కొంచెంగా తినేయడం, కోసుకుపోవడం. నిఘంటువులో దానికి ‘ఈట్ అవుట్’ అని అర్థం ఉంది. ‘ఈట్ అవుట్’ అంటే పిల్లలకు తెలిసింది బయటికెళ్లి హోటల్లో తినడం. దాంతో తమ కుటుంబం తరచూ ‘ఎరోడ్’ అవుతూ ఉంటుందని రాసేశారు. ఇంగ్లీషే ఇంటి భాషగా ఉన్న పిల్లల సంగతి ఇది! ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నిఘంటువు ఇచ్చిన అర్థంలో తమకు తెలిసిన ముక్కను పట్టుకుని, దాని చుట్టూ తమ బతుకులోంచి ఒక వాక్యం కట్టుకున్నారు. మన పిల్లలు కుడివైపు తెలుగు మాటతో చేసేదీ అదే.

సరిగ్గా అదే సంవత్సరం ఇంగ్లండులో ‘కోబిల్డ్’ నిఘంటువు వచ్చింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో తయారైన ఈ నిఘంటువు అర్థాలను ముక్కలుగా ఇవ్వదు, పూర్తి వాక్యంలో చెబుతుంది. మీరు ఫలానా చోట ఫలానా పని చేస్తే దాన్ని ఇలా అంటారు అన్న పద్ధతిలో ఉంటుంది. ఆలోచిస్తే మన అమ్మమ్మలు చెప్పే తీరు కూడా ఇదే. ‘పరధ్యానం అంటే ఏంటి అమ్మమ్మా’ అని అడిగితే ‘నేను పిలుస్తుంటే పలక్కుండా ఆ కిటికీలోంచి చూస్తూ కూచున్నావే, అదే’ అంటుంది. ఆవిడ సమానార్థకం వెతకలేదు. పిల్లను ఆ సందర్భంలో నిలబెట్టింది.

‘షేర్’కి కూడా అలాగే చెప్పండి. ‘నీ దగ్గర నాలుగు బిస్కెట్లున్నాయి. రెండు చెల్లికిచ్చి రెండు నువ్వు తింటే అది షేర్ చేసుకోవడం.’ ఇక్కడితో ఆపేయకండి, రెండో సందర్భం కూడా చెప్పండి. ‘సైకిల్ ఒకటే ఉంది. దాన్ని విరగ్గొట్టి చెరో సగం తీసుకోలేం కదా! కాసేపు నువ్వు తొక్కి, కాసేపు చెల్లి తొక్కితే అదీ షేరే.’ ‘పంచుకొను’ అని మాత్రమే నేర్చుకున్న పిల్లకు ఈ రెండోది తట్టదు. ఆ తర్వాత షేర్ కానిది ఒకటి చెప్పండి. ‘చాక్లెట్ మొత్తం చెల్లికే ఇచ్చేశావనుకో, అప్పుడు అది షేరా?’ పిల్లలు ఇక్కడ కాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచనలోనే అర్థానికి హద్దు గీసుకుంటారు. అర్థం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే సరిపోదు, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి. మీనింగ్స్ నోట్సులో ఈ రెండో భాగానికి చోటే ఉండదు.

పరీక్షలో మాత్రం టీచరుగారు ‘పంచుకొను’ అనే రాయమంటారు. రాయనివ్వండి. ముందు బిస్కెట్లు, సైకిలు, ఆ తర్వాత నోట్సు. ఈ వరస తప్పకుండా ఉంటే చాలు, అప్పుడు ‘పంచుకొను’ అన్న తెలుగు మాట కూడా పిల్లకు కొత్తగా దక్కుతుంది.

పిల్లల తెలుగే అసలు పెట్టుబడి

‘ప్రెటెండ్’కి నిఘంటువులో నటించు లాంటి మాటలుంటాయి. కానీ ఆ పని పిల్లలు రోజంతా చేస్తూనే ఉంటారు, దానికి వాళ్ల దగ్గర బంగారంలాంటి మాట ఉంది: ఉత్తుత్తి. ఉత్తుత్తి వంట, ఉత్తుత్తి పెళ్లి, ఉత్తుత్తి ఏడుపు. ‘ఉత్తుత్తినే టీ పోసి నాకిచ్చావు కదా, అది ప్రెటెండ్’ అంటే నాలుగేళ్ల పిల్లకైనా క్షణంలో అందుతుంది. ‘ఫెయిర్’ కూడా అంతే. న్యాయం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఆటలో ఎవడైనా తొండి చేస్తే పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారే, అదే ‘నాట్ ఫెయిర్’. తొండి లేకుండా ఆడితే ‘ఫెయిర్’. ‘టేక్ టర్న్స్’ అంటే వంతులు వేసుకోవడం. ‘పిగ్గీబ్యాక్’ అని కథల పుస్తకంలో కనిపిస్తే పందిని, వీపును విడదీసి చెప్పబోకండి. పిల్లను ఉప్పుమూట ఎక్కించుకుని రెండు అడుగులు వేయండి. ‘టికిల్’కి చక్కిలిగింతలు పెట్టండి. ‘టాంట్రమ్’ అంటే మారాం చేయడం. ‘సల్క్’ అంటే మూతి ముడుచుకుని అలగడం.

‘సల్క్’ విషయంలో ఒక జాగ్రత్త. పిల్ల అలిగి మూల కూర్చున్నప్పుడే ‘చూడు, దీన్నే సల్క్ అంటారు’ అని పాఠం మొదలుపెట్టకండి. ఆ సమయంలో తన బాధ మీకు పాఠమైపోయిందని పిల్లకు అనిపిస్తుంది. సాయంత్రం నవ్వుకుంటూ కూర్చున్నప్పుడు ‘పొద్దున అలిగావు చూడు’ అని గుర్తుచేస్తే చాలు. కోపం, భయం, సిగ్గు, అసూయలాంటి మాటలన్నింటికీ ఇది వర్తిస్తుంది. మనసు కుదుటపడ్డాకే దాని పేరు చెప్పండి.

మనసుకు సంబంధించిన మాటల్లో ‘ప్రౌడ్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బడిలో టీచరుగారు పిల్ల భుజం తట్టి ‘ఐయామ్ ప్రౌడ్ ఆఫ్ యూ’ అంటారు. ఇంటికొచ్చి అర్థమడిగితే మనం ‘గర్వం’ అంటాం. నానమ్మ చెప్పిన కథల్లో గర్వం ఎవరికుంది? రావణుడికి, దుర్యోధనుడికి. గర్వపడినవాళ్లందరికీ చివరికి శాస్తి జరుగుతుంది. మరి టీచరుగారు మెచ్చుకున్నారా, తిట్టారా? పిల్లకు నిజంగానే తెలియదు. దీనికి ఇంటి సందర్భమే దారి. ‘నువ్వు సైకిల్ తొక్కడం నేర్చుకున్న రోజున తాతయ్య వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ మా మనవరాలు మా మనవరాలు అని చెప్పుకున్నారు గుర్తుందా? ఆయన మొహం ఎలా ఉందప్పుడు? ఆయనకు కలిగినదే ప్రౌడ్.’

ఒకటికి ఒకటి కుదరదు

తెలుగు, ఇంగ్లీషు లోకాన్ని ఒకే గీతల మీద కోయలేదు. మనకు నాలుగు మాటలున్నచోట వాళ్లకు ఒకటే ఉంటుంది, కొన్నిచోట్ల తిరగబడుతుంది. పిల్లలకు ఎక్కువ తికమక ఇక్కడే.

చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, గాజులు వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం. ఇంగ్లీషులో అన్నీ ‘వేర్’. ‘వేర్ అంటే తొడుగుకొను’ అని నేర్చుకున్న పిల్లకు కళ్లజోడు దగ్గర ఆ మాట తట్టదు. కాబట్టి బడికి తయారయ్యే వేళ చొక్కా, బెల్టు, బూట్లు, వాచీ, టోపీ ఒక్కొక్కటే వేస్తూ ప్రతిసారీ అదే మాట అనండి. అన్నింటికీ ఒకే మాటా అని పిల్ల ఆశ్చర్యపోతే మీ పని అయిపోయినట్టే. ‘వాష్’ కూడా ఇలాంటిదే. మనం చేతులు కడుక్కుంటాం, బట్టలు ఉతుకుతాం. వడ్లు, బియ్యం, అన్నం మనకు వేర్వేరు వస్తువులు. ‘రైస్’ పొలంలోనూ ఉంటుంది, బస్తాలోనూ ఉంటుంది, కంచంలోనూ ఉంటుంది.

చుట్టరికాలు మరీ చిక్కు. మన పిల్లలకు ‘అంకుల్’ అన్న మాట బడికి వెళ్లకముందే వచ్చు. ఆటో అంకుల్, పక్కింటి అంకుల్, కిరాణా కొట్టు అంకుల్. తీరా పాఠంలో ‘అంకుల్’ వస్తే అది నాన్న అన్నగారో, అమ్మ తమ్ముడో అని వాళ్లకు తోచదు. సొంత మనుషుల ఫొటోలు ముందు పెట్టి ‘పెదనాన్న, బాబాయి, మామయ్య - వీళ్లందరినీ ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో పిలుస్తారు’ అని చెప్పండి. ‘కజిన్’ దగ్గర పిల్లలు కొంచెం నొచ్చుకుంటారు కూడా. పెదనాన్నగారి అమ్మాయి మన ఇంట్లో అక్కే. ‘అక్క కదా, మళ్లీ కజిన్ ఏంటి?’ అని అడిగితే, ‘అక్క అక్కే. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం అలా రాస్తారు’ అనండి. భాష మారితే బంధం మారదన్న ధైర్యం పిల్లకు అవసరం.

ఇంకొన్ని మాటలు మనది కాని వాతావరణంలోంచి వస్తాయి. ‘స్నో అంటే మంచు’ అనేస్తాం. మన పిల్లలు చూసిన మంచు ఏది? సంక్రాంతి ముందు తెల్లవారుజామున రోడ్డు కనపడనివ్వని పొగమంచు, గడ్డిపరకల మీద నీటి బొట్లు. మంచుతో బొమ్మ చేశారని కథలో వస్తే పొగతో బొమ్మెలా చేస్తారని పిల్ల అడుగుతుంది, అడగాలి కూడా. గోలా బండి దగ్గర ఐసు తురమడం చూపించండి. ‘ఆ తురుము రాత్రంతా వానలా పడి పొద్దున్నే వీధంతా మోకాలి లోతు ఉంటే, అది స్నో’ అనండి. ‘ఆటమ్’కి నిఘంటువులు శరదృతువు అంటాయి. శరత్తు అంటే మనకు ఆశ్వయుజ కార్తీకాలు: దసరా, దీపావళి, పండు వెన్నెల. పుస్తకంలో బొమ్మ చూస్తేనేమో ఎర్రటి ఆకులు రాలుతుంటాయి. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆరు ఋతువుల లెక్క నాలుగింటికి అతకదు. అలాంటప్పుడు మన ఋతువు పేరు చెప్పడం మానేసి ‘వాళ్ల దేశంలో చలికాలం రాబోయేముందు ఆకులన్నీ రంగు మారి రాలిపోయే కాలం’ అని చెప్పడమే నిజాయితీ.

చూపించడంలోనూ ఒక మెలకువ

వస్తువుల పేర్లకు చూపించడం కంటే మంచి దారి లేదు. అయితే చూపుడువేలు ఒక్కదాన్నే నమ్ముకోకండి. పొలం గట్టున గేదెను చూపించి ‘గ్రేజింగ్’ అన్నారనుకోండి, గేదె పేరు గ్రేజింగ్ అనుకోవడానికే పిల్లలు మొగ్గుతారు. చిన్నపిల్లలు కొత్త మాట వినగానే ముందు దాన్ని మొత్తం వస్తువుకు తగిలిస్తారు. మేస్తున్న గేదెను, మేస్తున్న మేకను, ఆ పక్కనే పడుకుని నెమరువేస్తున్న ఆవును చూపించి ఇది మేయట్లేదు అంటేనే మాట పని మీద నిలుస్తుంది. రంగులకూ ఇదే పద్ధతి. ఎర్ర బంతి ఒక్కటే చూపించి ‘రెడ్’ అనకుండా ఎర్ర మగ్గు, ఎర్ర రిబ్బను, ఎర్ర మిరపకాయ కలిపి చూపాలి.

సూజన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే పరిశోధకులు 1978లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. మూడు నాలుగేళ్ల పిల్లల ముందు రెండు ట్రేలు ఉన్నాయి, ఒకటి నీలం, ఇంకొకటి ఆలివ్ ఆకుపచ్చ. పాఠం చెబుతున్నట్టు కాకుండా మామూలుగా ఏదో పని చెప్పినట్టు ‘క్రోమియం ట్రే పట్టుకురా, నీలం రంగుది కాదు, క్రోమియంది’ అన్నారు. ఆ మాట పిల్లలు అదివరకు విననిది. నీలంది కాదన్నారు కాబట్టి ఇది రెండోదాని రంగై ఉంటుందని పిల్లలు వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. ఒకటి రెండుసార్లు విన్నందుకే ఆ మాట రంగుకు సంబంధించిందన్న జాడ చాలామందిలో మిగిలింది. కానీ ఏ రంగు అన్నది నిలకడగా కుదరడానికి చాలా కాలం పట్టింది. ఇందులో తల్లిదండ్రులకు రెండు సంగతులున్నాయి. పనిలో పనిగా అన్న మాట కూడా తేలిగ్గా లోపలికి వెళుతుంది. లోపలికి వెళ్లినంత మాత్రాన పూర్తిగా అర్థమైనట్టు కాదు, వారాల తరబడి అది లోపల సర్దుకుంటూ ఉంటుంది. నిన్న చెబితే ఇవాళ మరిచిపోయిందని విసుక్కోకండి.

విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి రెండో ప్రపంచ యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపారు, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె బోధనలో మూడు మెట్ల పద్ధతి ఒకటుంది. మొదటి మెట్టులో పేరు చెబుతాం. కొబ్బరి చిప్ప మీద పిల్ల వేలు రాయించి ‘ఇది రఫ్’, స్టీలు గిన్నె మీద రాయించి ‘ఇది స్మూత్’. రెండో మెట్టులో మాట మనమే అంటాం, పిల్ల వస్తువు చూపిస్తే చాలు: ‘రఫ్‌ది ఏది? స్మూత్‌ది నా చేతిలో పెట్టు. రఫ్‌ది మంచం కింద దాచు.’ మూడో మెట్టులో మాత్రమే ‘ఇది ఏమిటి?’ అని అడుగుతాం. మనలో చాలామందిమి మొదటి మెట్టు నుంచి ఏకంగా మూడోదానికి దూకుతాం. నిజానికి నేర్చుకోవడమంతా రెండో మెట్టులోనే ఉంది. అక్కడ పిల్ల మాట్లాడనక్కర్లేదు కాబట్టి భయం ఉండదు, ఎంతసేపైనా ఆటలాగే సాగుతుంది.

అందుకే చుట్టాలొచ్చినప్పుడు పిల్లను ముందుకు నెట్టి ‘ఆంటీకి చెప్పు, ఎలిఫెంట్ అంటే ఏంటి?’ అని అడిగే అలవాటు మానుకోమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. అది పూర్తిగా మూడో మెట్టు, పైగా పదిమంది ఎదుట. చెప్పలేకపోతే ఆ మాటతోపాటు సిగ్గు కూడా అతుక్కుంటుంది.

ఇంట్లో ఉన్న ఇంగ్లీషు

బస్సు, టికెట్టు, బకెట్టు, టవలు, కుక్కరు, గ్యాసు, స్విచ్చి. ఇంగ్లీషు అక్షరం ముక్క చదవని ఇంట్లో కూడా పిల్లలకు వచ్చే ఇంగ్లీషు మాటలు చాలానే ఉంటాయి. మొదలు పెట్టాల్సింది వీటితోనే, ‘నీకు ఇంత ఇంగ్లీషు అప్పుడే వచ్చు’ అని చెబితే పిల్లకు ఎంత ఊపొస్తుందో చూడండి. అయితే వీటిలో కొన్ని మన ఊళ్లలో స్థిరపడి వేరే అర్థం తెచ్చుకున్నాయి. మనకు హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు, పుస్తకంలో అది రాత్రి పడుకునే చోటు. మనకు కరెంటు పోతుంది, వస్తుంది, పుస్తకంలో నదికి కూడా కరెంట్ ఉంటుంది. ‘లైట్’ అంటే దీపమని తెలిసిన పిల్ల ‘లైట్ బ్యాగ్’ దగ్గర ఆగిపోతుంది. ఒక మాటకున్న అర్థాలన్నీ ఒకేసారి ఏకరువు పెట్టకుండా, ఆ పేజీలో కావలసిన ఒక్కటే చెప్పండి. ఖాళీ బ్యాగు ఒక చేత్తో, పుస్తకాల బ్యాగు ఇంకో చేత్తో ఎత్తించండి. మిగతా అర్థాలు ఎదురైనప్పుడు చూసుకోవచ్చు.

‘ఇన్’, ‘ఆన్’, ‘అండర్’ లాంటివాటికి ఒక డబ్బా, ఒక చెంచా చాలు. ‘ద’, ‘ఈజ్’ల జోలికి ఈ వయసులో పోవద్దు. వాటికి విడిగా అర్థం చెప్పబోతే మనమే చిక్కుకుంటాం, వాక్యాలు వినగా వినగా అవే అలవాటవుతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియంతోపాటు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంట్లో ఆ పుస్తకాలుంటే తెలుగు పేజీని జవాబు పత్రంలా చివర్లో చూడకుండా ముందే చదివి వినిపించండి. పాఠంలో ఏం జరుగుతోందో తెలిసిన పిల్ల ఇంగ్లీషు పేజీలో సగం మాటలు తనే ఊహిస్తుంది.

అడిగినప్పుడు

‘ఫలానా మాట అంటే ఏంటి?’ అని పిల్ల అడగగానే ‘ఎక్కడ విన్నావమ్మా?’ అని అడగండి. సందర్భం తెలిస్తే మీ పని సగం తేలిక. తర్వాత ‘నీకేమనిపిస్తోంది?’ అనండి. పిల్లల ఊహ చాలాసార్లు దగ్గరదగ్గరగా ఉంటుంది, దాన్ని కొంచెం సరిచేస్తే చాలు. మీకే తెలియకపోతే ‘నాకూ తెలియదు, పద చూద్దాం’ అని ఇద్దరూ కలిసి నిఘంటువో ఫోనో తెరవండి. వెతుక్కోవడం ఎలాగో పిల్ల నేర్చుకునేది మిమ్మల్ని చూసే.

టీవీలోంచి, పెద్దల మాటల్లోంచి మనం ఇబ్బందిపడే మాటలు కూడా వస్తాయి: ‘మర్డర్’, ‘డైవోర్స్’, కొన్నిసార్లు అంతకంటే బరువైనవి. ‘ఛీ, ఆ మాట అనకు’ అంటే పిల్ల ఆ మాటను మరిచిపోదు, మిమ్మల్ని అడగడం మానేస్తుంది. వయసుకు తగ్గ ఒక్క నిజమైన వాక్యం చెప్పండి. ‘డైవోర్స్ అంటే భార్యాభర్తలు ఇకనుంచి వేరువేరుగా ఉందామని నిర్ణయించుకోవడం’ అంటే చాలు. అడిగినంతవరకే చెప్పి, ఇంకేమైనా అడుగుతుందేమోనని కాసేపు ఆగండి. ఆ మాట వెనక ఏదైనా భయం ఉంటే ఆ ఆగిన వేళలోనే బయటికొస్తుంది.

ఇక కొత్త మాట పిల్ల నోట్లో పడ్డాక అది ఎక్కడపడితే అక్కడ వాడుతుంది. మనకు కర్ర విరుగుతుంది, గాజు పగులుతుంది, ఇంగ్లీషులో రెండూ ‘బ్రేక్’ అవుతాయి. ఈ సంగతి తెలిసిన పిల్ల మర్నాడు బడి నుంచి వచ్చి ‘అమ్మా, నా షర్ట్ బ్రేక్ అయింది’ అంటుంది. ఇది మంచి లక్షణం. నేర్చుకున్నదాన్ని కొత్తచోట వేసి చూస్తోందన్నమాట. ‘తప్పు, అలా అనకూడదు’ అనకండి. ‘అయ్యో, చిరిగిందా? ఎక్కడ టేర్ అయింది, చూపించు’ అని సరైన మాటను మీ జవాబులో కలిపేయండి. తర్వాత పాత పేపరు ఒకటి తీసి చించమనండి, ఒక పుల్ల ఇచ్చి విరవమనండి. ఏది ‘టేర్’, ఏది ‘బ్రేక్’ అని అడగకండి, మీరు మాట అంటూ ఉంటే పిల్ల ఆ పని చేస్తూ ఉంటుంది. కాగితం ముక్కలు ఊడ్చి ఎత్తిపోసే పని మాత్రం ఇద్దరూ కలిసి చేయండి, అక్కడ ‘స్వీప్’ వస్తుంది.